లోపలి గడియ

జూలై 6, ఆదివారం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. పెళ్ళి చేసుకొని చూశాను. ఇల్లు కట్టే ఓపిక లేదు కాబట్టి అద్దెకు తీసుకొని చూస్తున్నాను. మేడమీద వాటా. ముందు ఒక గది, వంటగది, వెనక ఒక చిన్న గది. కింద ఉండే ఇంటాయన తాళంచెవి చేతిలో పెడుతూ, "లోపల ఏం బాగుచేసుకున్నా నాకు అభ్యంతరం లేదమ్మా. నన్ను మాత్రం పిలవకండి" అన్నాడు. మనసులో మాట ఇంత సూటిగా చెప్పే మగవాణ్ణి చూసి చాలా కాలమైంది.

వంటగది కుళాయి కారుతోంది. కిటికీ రెక్కల్లో ఒకటి మూస్తే తెరుచుకోదు, రెండోది తెరిస్తే మూసుకోదు. చిన్న గదికి తలుపే లేదు. చట్రం ఉంది, మడతబందులు బిగించిన గుర్తులున్నాయి, రెక్క లేదు. ముందున్నవాళ్ళు పోతూ పోతూ ఊడదీసుకుపోయారట. ఏం చేసుకుంటారో.

చిన్న గది పిల్లకి. ప్రస్తుతానికి పరదా కట్టాను. నీలం పూలది. బాగుంది.

జూలై 8, మంగళవారం

వాళ్ళ నాన్న దగ్గరున్న పిల్లతో ఫోన్లో మాట్లాడాను. ఇల్లంతా వర్ణించాను. కుళాయి సంగతి దాచాను.

"నా గదికి తలుపుందా?" అంది.

"పరదా ఉంది. నీలం పూలది."

"పరదా కాదమ్మా. తలుపు. లోపల గడియ ఉండాలి" అంది.

ఎనిమిదో తరగతి పిల్లకి లోపల గడియ ఎందుకు? ఫోను చూసుకోడానికే అయ్యుంటుంది. మా మందుల షాపుకొచ్చే తల్లులందరూ ఇదే చెప్పుకుంటారు. ఈ వయసు పిల్లలంతా ఒకటే.

ఎవరి దగ్గర ఉండాలో పిల్లే చెప్పాలని, అది చెప్పినదానికి కట్టుబడాలని నేనూ వాళ్ళ నాన్నా ఒప్పుకున్నాం. ఈ రెండేళ్ళలో మేమిద్దరం ఒప్పుకున్న విషయం అదొక్కటే. అక్టోబరు సెలవుల్లో చెబుతానంది.

జూలై 9

గడియ కొన్నాను. ఇత్తడిది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

జూలై 12

కార్పెంటర్ రేపు వస్తానన్నాడు.

జూలై 15

రేపు.

జూలై 19

కార్పెంటర్లకి రేపు అనేది తేదీ కాదు, మర్యాద.

జూలై 20, ఆదివారం

పొద్దున్నే ఎవరో తలుపు బాదుతుంటే కార్పెంటరే అనుకొని పరుగెత్తాను. తీరా చూస్తే వదిన. గొడుగు మడిచి గోడకు ఆనించి, భుజానికున్న బరువైన సంచి నా కాలి మీద పడకుండా దించింది. తలంతా తడిసిపోయింది.

వదినంటే పిల్ల వాళ్ళ నాన్నకి అక్క. విడిపోయాక ఆ వైపు వాళ్ళెవరూ నా గడప తొక్కలేదు, నేనూ వాళ్ళను రమ్మనలేదు. ఏమని పిలవాలో తెలియక "రండి" అన్నాను. అంతే.

ఆవిడ చెప్పులు విప్పుతూ, "రండి ఏమిటి, రండి? వదినా అనడానికి నోరు పడిపోయిందా?" అంది.

"అది కాదు. ఇప్పుడింకా అలా అనొచ్చో లేదో అని…"

"ఇదిగో అమ్మాయ్, కాగితాల మీద సంతకాలు పెట్టింది నువ్వూ మా తమ్ముడూ. నేనెక్కడా పెట్టలేదే. నా చుట్టరికం నాకుంది. టీ పెట్టు."

టీ పెట్టాను. వంటగదిలోంచి వదినా, పంచదార ఎంత అని అడిగాను. అవసరం లేదు, నాకు తెలుసు. అయినా అడిగాను.

సంచిలో చెక్కను పొరలుగా గీసే చిత్రిక, రంపం, ఉలి, డ్రిల్లింగ్ మిషన్, రసమట్టం, రకరకాల స్క్రూలు. వదినది పనిముట్ల కొట్టు. అన్నయ్యగారు పోయినప్పటినుంచి ఒంటిచేత్తో నడుపుతోంది. పిల్ల తలుపు కావాలందట కదా అంది. ఎవరు చెప్పారని అడిగితే, "అదే చెప్పింది. నాతో అన్నీ చెబుతుంది, నువ్వేం కుళ్ళుకోకు" అంది.

కుళ్ళుకోలేదు. కొంచెం.

జూలై 27, ఆదివారం

పాత ఇళ్ళు కూలగొట్టిన సామాను అమ్మే చోటికి వెళ్ళాం. ఆరుబయట వానలో కిటికీలు, దూలాలు, తలుపులు వరసగా గోడకు చేరగిల పెట్టి ఉన్నాయి. వదిన ఒక్కో తలుపునూ వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వింది. చివరికి ఒకదాన్ని చూపించి, "ఇది" అంది. తట్టినప్పుడు ఏం వినబడిందంటే, "ఏమీ వినబడలేదు. కొట్టుకొచ్చే మేస్త్రీలు ఇలా తట్టడం చూశాను" అంది.

నాకప్పుడే అనుమానం రావాల్సింది.

మంచి తలుపే. బరువైన చెక్క, ఎవరో ఆకుపచ్చ రంగు వేశారు. ఒకవైపు కింద పిల్లలు గీసిన బొమ్మలు కూడా ఉన్నాయి. ఇద్దరు కూలీలు మేడమీదకు ఎక్కించారు. చట్రంలో పెట్టి చూస్తే పట్టలేదు. వెడల్పు వేలు మందం ఎక్కువుంది.

"చిత్రిక పట్టాలి" అంది వదిన, డాక్టరు రోగం పేరు చెప్పినట్టు.

ఆగస్టు 3, ఆదివారం

ఇవాళ తెలిసింది. వదిన ముప్పై ఏళ్ళుగా చిత్రికలు అమ్ముతోంది. ఒక్కసారి కూడా పట్టలేదు.

తలుపును అడ్డంగా రెండు స్టూళ్ళ మధ్య నిలబెట్టి, నేను దాని మీద పడుకున్నంత పనిచేసి పట్టుకున్నాను. ఆవిడ చీర చెంగు దోపి, రెండు చేతులా చిత్రిక బిగించి ఒక్క తోపు తోసింది. అది కదల్లేదు. ఇంకో తోపు తోస్తే గోలగా అరిచి చెక్కలో ఒక గుంట చేసి ఆగిపోయింది.

"వదినా, మీకు వచ్చా ఇది?"

"దీని పేరు తెలుసు, రకాలు తెలుసు, ఏ బ్లేడు దేనికి పడుతుందో తెలుసు. రావడమంటే ఇంకేముంటుంది?"

నవ్వు ఆపుకోలేక తలుపు మీదే కూలబడ్డాను. ఆవిడ కాసేపు కోపంగా చూసింది, తర్వాత తనూ నవ్వింది. ఈ ఇంట్లో ఇద్దరు మనుషులు కలిసి నవ్వడం ఇదే మొదలు.

తర్వాత నేను పట్టాను. నాకూ రాదు. బ్లేడు బయటికి ఎక్కువ వచ్చిందని, కొంచెం లోపలికి తట్టాలని పడుతూ లేస్తూ తెలుసుకున్నాం. చీకటి పడేలోపు ఒకే ఒక్కసారి, ఈ చివరినుంచి ఆ చివరిదాకా, ఉల్లిపొర లాంటి పొట్టు చుట్ట తెగకుండా వచ్చింది. వదిన దాన్ని వేలికి చుట్టుకొని ఇంటికి పట్టుకుపోయింది.

ఆగస్టు 6

భుజాలు. షాపులో నా నొప్పి మందు నేనే తీసుకున్నాను. రోజుకు రెండుసార్లు, భోజనం తర్వాత.

ఆగస్టు 10, ఆదివారం

ఇంకా పట్టలేదు. ఇంకా చిత్రిక. బయట ఒకటే వాన. పొట్టు కూడా చెమ్మగా ఉంది, చీపురుకు అంటుకుంటోంది.

వాళ్ళ నాన్న వదినకు ఫోన్ చేశాడు. నేను వంటగదిలోకి వెళ్ళి గిన్నెలు కడిగాను. గిన్నెలు కడిగే ఉన్నాయి. అయినా వినబడింది.

"అవునురా, ఇక్కడే ఉన్నాను. తలుపు పెడుతున్నాం… నీ వైపేంటి, నా వైపేంట్రా, ఇదేమన్నా కబడ్డీయా… మేనకోడలి గదికి తలుపు పెడితే నీకు ద్రోహం ఎలా అవుతుందో చెప్పు, వింటాను."

అతనేం చెప్పాడో తెలియదు. వదిన వచ్చి చిత్రిక తీసుకొని చాలాసేపు పట్టింది. అన్నిటికన్నా బాగా వచ్చింది.

ఆగస్టు 17, ఆదివారం

పట్టింది. అచ్చుగుద్దినట్టు పట్టింది. మడతబందులు బిగించాం, డ్రిల్లింగ్ మిషన్ నేనే నడిపాను, సుత్తితో నా బొటనవేలు కూడా నేనే కొట్టుకున్నాను. వదిన రసమట్టం ఆనించి, లోపలి బుడగ మధ్యకు వచ్చేదాకా ఊపిరి బిగబట్టింది. ఇత్తడి గడియ పెట్టాం. తోస్తే చట్రంలోని రంధ్రంలోకి ఠక్కున దిగింది.

తలుపు అయిపోయింది. రంగు ఒక్కటే మిగిలింది. అంటే దాదాపు అయిపోయింది.

ఆగస్టు 24, ఆదివారం

పాత రంగు ఉప్పుకాగితంతో గీకాం. కింద బొమ్మలున్న చోట గీకబుద్ధి కాలేదు. ఒక ఇల్లు, ఒక కుక్క, కుక్క కన్నా చిన్న మనిషి. ఆ మేరకు వదిలేసి మిగతాదానికి కొత్త పసుపు రంగు వేశాం.

తలుపు అయిపోయింది.

సెప్టెంబరు 9

వానలు ఆగాయి. ఎండ చుర్రుమంటోంది. కుళాయి వాషరు మార్చాను. నేనొక్కదాన్నే. ఎవరికైనా చెప్పుకోవాలనిపించి కిందికి వెళ్ళి ఇంటాయనకి చెప్పాను. పిలవలేదుగా, వెళ్ళి చెప్పాను. ఆయన పేపరు దించి, "శభాష్" అన్నాడు.

సెప్టెంబరు 12

చిన్న గది తలుపు దానంతటదే తెరుచుకుంటోంది. గాలి.

సెప్టెంబరు 16

గాలి. కిటికీ మూసినా ఎక్కడినుంచో వస్తోంది.

సెప్టెంబరు 20

రేపు పిల్ల వస్తోంది, చూడడానికి. తలుపుకీ చట్రానికీ మధ్య కొంచెం సందు ఉంది. పెద్దగా కనబడదు. పైగా గదికి గాలి ఆడుతుంది.

సెప్టెంబరు 21, ఆదివారం

వచ్చింది. పొడుగైంది. చెప్పులు నావి పట్టేస్తాయి. కిటికీలోంచి చూసింది, కుళాయి తిప్పింది, నేను చేసినవన్నీ తిన్నది. తలుపు కింద బొమ్మల దగ్గర కూర్చొని కుక్క చెవి మీద వేలు పెట్టి నవ్వింది. నా ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ తోసిన చప్పుడు వినబడింది. ఠక్కున దిగలేదు, గీసుకుంటూ ఆగింది.

"అమ్మా, బయట నిలబడి ఏమన్నా మాట్లాడు."

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి. ఇంకొంచెం గట్టిగా."

ఏం తోచక షాపులో మందుల పేర్లు అరిచాను. జ్వరానివి, దగ్గువి, షుగరువి. అరుస్తుండగానే తలుపు మెల్లగా, ఎవరూ ముట్టుకోకుండా, జానెడు తెరుచుకుంది. గడియ చట్రాన్ని అందుకోనేలేదు. సందులోంచి పిల్ల కనబడింది. మంచం మీద, మోకాళ్ళు దగ్గరికి లాక్కొని, రెండు చేతులూ చెవుల మీద పెట్టుకొని కూర్చుంది.

నన్ను చూసి చేతులు దించేసింది. "బాగుంది" అంది.

సాయంత్రం వాళ్ళ నాన్న వచ్చి కింద హారన్ కొట్టాడు. వెళ్ళిపోయింది.

సెప్టెంబరు 22

బాగుందనే అంది.

సెప్టెంబరు 23

పాత ఇంట్లో దాని మంచం హాల్లో ఒక పక్కన ఉండేది. మా గదికీ దానికీ మధ్య పరదా. రంగు గుర్తులేదు. రాత్రిళ్ళు మేం ఎన్ని మాటలు అనుకున్నామో, ఎంత గొంతుతో అనుకున్నామో, అవన్నీ ఆ గుడ్డ అవతల పడుకున్న పిల్లకి చేరాయి. నిద్రపోయిందిలే అనుకునేవాళ్ళం. ఇద్దరం అనుకునేవాళ్ళం.

ఫోను కోసం కాదు గడియ.

సెప్టెంబరు 24

షాపులో మాత్రల సీసా మూత తీస్తే పైన చిన్న పొట్లం. చెమ్మ పీల్చేది. రోజూ చూసేదే, రోజూ పక్కన పారేసేదే. చెమ్మకి మాత్ర ఉబ్బి పాడవుతుంది కాబట్టి కంపెనీవాళ్ళు దాన్ని వేస్తారు.

సీసా చేతిలో అలాగే పట్టుకొని నిలబడిపోయాను. ఎదురుగా ఉన్నావిడ, "అమ్మా, నా మాత్రలు" అంది.

ఆ తలుపు వానలో ఆరుబయట ఉంది. నీళ్ళు తాగి ఉబ్బి ఉంది. మేం ఉబ్బిన తలుపును చట్రానికి సరిపెట్టాం. ఇప్పుడు ఎండకి అది తన అసలు కొలతకు వచ్చింది. గాలీ కాదు, ధూళీ కాదు.

వదినకు ఫోన్ చేశాను. అంతా విని, "వానాకాలంలో మేస్త్రీలు చిత్రికలు కొనరు. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. బేరాలు లేవని తిట్టుకున్నానే గాని ఎందుకు కొనరో ఒక్కనాడూ ఆలోచించలేదు" అంది.

ఇద్దరం ఫోన్లోనే కాసేపు మమ్మల్ని మేం తిట్టుకున్నాం. కొంత నయం.

సెప్టెంబరు 28, ఆదివారం

చిత్రిక పట్టి తీసేసినదాన్ని తిరిగి అతికించలేం. కానీ అంచుకు ఒక బద్ద వేయొచ్చు. వదిన బాగా ఆరిన చెక్క బద్ద తెచ్చింది. అయినా నమ్మకం లేక దాన్ని ఎండలో పెట్టాను, సాయంత్రం లోపలికి తెచ్చాను, మళ్ళీ పొద్దున్న పెడతాను. వడియాలకు కూడా ఇంత కాపలా కాయలేదు.

అక్టోబరు 1

పిల్ల ఫోన్ చేసింది. సాధారణంగా నేను చేస్తాను.

"పెద్దత్త చెప్పింది. తలుపుకి బద్ద వేస్తున్నారట కదా."

"ఆదివారం వేస్తాం."

"నేను వచ్చేదాకా ఆగండి" అంది. అంతే, పెట్టేసింది.

వదినకు చెప్పాను. "నాకు ముందే తెలుసు" అంది. ఈసారి నిజంగానే కుళ్ళుకోలేదు.

అక్టోబరు 4

కార్పెంటర్ ఫోన్ చేశాడు. రేపు తప్పకుండా వస్తాడట. వద్దన్నాను. ఎంత హాయిగా ఉందో.

అక్టోబరు 5, ఆదివారం

పిల్ల ఒక సంచితో దిగింది. సంచి చిన్నదే. దాంట్లో ఏముందో అడగలేదు. అడగకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు.

తలుపు దించి పడుకోబెట్టాం. గడియ విప్పాం. బంక పూసి బద్ద అతికించి, సన్న మేకులు కొట్టాం. పిల్ల మేకు పట్టుకుంటానంది, నేను సుత్తి పట్టుకున్నాను. నా బొటనవేలి గోరు ఇంకా నల్లగానే ఉంది. దాని వేళ్ళు చూసి నా చెయ్యి ఆడలేదు.

"కొట్టమ్మా, ఏం కాదు."

"నా సంగతి నీకు తెలీదు."

"తెలుసు. వేలు చూశాగా. మెల్లగా కొట్టు" అంది. మెల్లగా కొట్టాను.

బంక ఆరేదాకా తిండి తిని ముగ్గురం నేలమీద పడుకున్నాం. వదిన గురక పెట్టింది. పిల్ల నా వైపు తిరిగి గుసగుసగా, "పెద్దత్తకి చిత్రిక పట్టడం రాదటగా" అంది. "రాదు" అన్నాను. "నీకు?" అంది. "కొంచెం వచ్చు" అన్నాను. కళ్ళు మూసుకునే వదిన, "నాకు వినబడుతోంది" అంది.

తర్వాత చిత్రిక. పిల్లకి పట్టి చూపించాను, బ్లేడు ఎంత బయటికి ఉండాలో, బరువు ఎక్కడ వేయాలో. రెండు తోపులకే దాని చెయ్యి కుదిరింది. తలుపు ఎక్కించి మూశాం. సన్నని సందు మిగిలింది, మందమైన అట్టముక్క దూరేంత. పిల్ల దాంట్లోకి కన్ను పెట్టి చూసి, "మళ్ళీ సందు ఉంచారేంటి?" అంది.

"వానలొస్తే ఉబ్బుతుంది. చోటు వదలాలి. లేకపోతే ఇరుక్కుంటుంది" అన్నాను.

"ఇరుక్కుంటే ఏముంది. వచ్చే వానలకి చూసుకొని, ఎండాకాలం నేనే కొంచెం చిత్రిక పడతాలే" అంది పిల్ల, స్క్రూలు ఏరుకుంటూ.

వదిన నా మోచెయ్యి గిల్లింది. నేను కిటికీ వైపు తిరిగి, ఎప్పుడూ మూసుకోని ఆ రెక్కను మూయబోయాను. అది మూసుకోలేదు. అయినా కాసేపు దాంతోనే కుస్తీ పట్టాను. వచ్చే వానలకి, ఎండాకాలం, నేనే. మళ్ళీ చెప్పమని అడగలేదు. ఒకసారి చాలు.

గడియ పిల్లే బిగించింది. మేం పెట్టిన చోట కాదు, తన చేతికి అందే చోట పెన్సిలుతో గుర్తు పెట్టుకొని, స్క్రూడ్రైవరుతో ఒక్కో స్క్రూ నాలుక బయటపెట్టి తిప్పింది. మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. అయ్యాక లేచి చేతులు దులుపుకొని, గదిలోకి వెళ్ళి, నేను గుమ్మం ముందు నిలబడి చూస్తుండగానే నా మొహం మీదే తలుపు వేసింది.

గడియ ఠక్కున దిగింది. తలుపు కదల్లేదు. కాసేపు చూశాను, ఇంకాసేపు చూశాను. కదల్లేదు. మొహాన తలుపు వేయించుకొని ఇంత సంతోషపడ్డ మనిషి ఇంకెవరైనా ఉంటారా.

అరవమంటుందేమో అని ఎదురుచూశాను. అనలేదు. నాకూ అరవడానికి ఏమీ లేదు. పసుపు చెక్కకి నోరు దగ్గరగా పెట్టి, నా గొంతుతోనే, మెల్లగా అడిగాను.

"నాన్నా, వినబడుతోందా?"

లోపల్నించి వెంటనే జవాబు వచ్చింది.

"వినబడట్లేదమ్మా."

వదిన నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నేను చీపురు తెచ్చి పొట్టు ఊడ్చాను. ఈసారి పొడిగా ఉంది, చీపురుకి అంటుకోలేదు.

తలుపు అయిపోయింది.